సూది వేయని గొర్రెలు

చర్ల
జూలై నడుమ

చెల్లీ,

మొన్నటి గాలివానకు ఇక్కడి టవర్ చచ్చిపోయింది. బాగుచేసేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. భద్రాచలం దాకా వెళ్తే ఫోన్ కలుస్తుంది గానీ వెళ్లే తీరిక లేదు. అందుకే కాగితం తీశాను. రాత చూసి నవ్వకు. రోజంతా సిరంజి పట్టిన వేళ్లు ఇవి.

షారోన్‌కు దగ్గు తగ్గిందా? నిరుడు ఇక్కడ మలేరియా వచ్చి పాప అంత చిక్కిపోయాక నీ దగ్గరకు పంపాను కదా, ఇప్పుడు ఇక్కడి దోమలను చూసినప్పుడల్లా మంచి పనే చేశానని నాకు నేను చెప్పుకుంటాను. జస్టిన్ బతికి ఉంటే, కూతుర్ని అలా పంపినందుకు ఏమనేవాడో తెలియదు.

ఇక్కడి సంగతి. మన కూసుమంచి వైపు నుంచే ఒక గొర్రెల మంద వచ్చి వాగు అవతల దిగింది. అక్కడ పొలాలన్నీ నాట్లు పడితే మేపు ఉండదు, అందుకని ఏటా వానాకాలం ఇటు అడవి అంచుకు తోలుకొస్తారట. మంద పగిడయ్యది, అతని భార్య కొమరమ్మది. మా పశువుల ఆస్పత్రిలో నాకు సాయంగా ఉండే మంగీలాల్ పొద్దున్నే వచ్చి, "మేడం, ఆ మందల గొర్లు చెట్లకు పోయి గుద్దుకుంటున్నయ్" అన్నాడు. వెళ్లి చూస్తే సగం మందకు కండ్లు ఎర్రగా వాచి, నీళ్లు కారి చెంపల మీద బొచ్చు అట్టకట్టి ఉంది. కొన్నిటికి నల్లగుడ్డు మీద తెల్లటి పొర. నాలుగైదిటికి గుడ్డే చిట్లింది. ఈగలు ఒకదాని కంటి మీంచి లేచి ఇంకోదాని కంటి మీద వాలుతున్నాయి.

గొర్రెలకు వచ్చే అంటు కండ్లరోగం ఇది. మందు ఉంది. ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ సూది బరువుకు తగ్గట్టు వేస్తే, కొన్నాళ్లకు ఇంకోసారి వేస్తే, చాలావాటికి చూపు తిరిగొస్తుంది. కానీ పగిడయ్య అప్పటికే దారిలో ఏదో దుకాణంలో ఒక సీసా కొని, మంద మొత్తానికి తలా కాస్త పొడిచేశాడు. దానితో రోగం పోలేదు, మందు అయిపోయింది.

"గట్లెందుకు చేసినవ్?" అంటే, "ఒకదానికి ఏసి ఒకదానికి ఎయ్యకపోతే ఎట్లమ్మా, అన్నీ నా పిల్లలే గదా" అన్నాడు. నా పెట్టె తెరిచి చూశాను. నా దగ్గర ఉన్న మందు కూడా సగానికే వస్తుంది. జిల్లా నుంచి తెప్పిద్దామంటే దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది, వ్యాన్ రాదు.

పాప ఫీజు రసీదు నీ దగ్గరే ఉంచు. ట్రాన్స్‌ఫర్ల లిస్టు ఇంకా రాలేదు. నిద్ర ముంచుకొస్తోంది.

అక్క


కూసుమంచి
జూలై చివర

అక్కా,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ నేరుగా క్లినిక్‌కు తెచ్చిచ్చాడు. డాక్టరుగారు చూసి, ఈ రోజుల్లో ఉత్తరాలేంటమ్మా అని నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ బాత్రూంలోకి వెళ్లి రెండుసార్లు చదువుకున్నాను.

షారోన్‌కు దగ్గు తగ్గింది. ముందు పన్ను ఊడింది. గొర్రెల సంగతి చదివి వినిపిస్తే, "అవి ఏడిస్తే కండ్లు పోయినయా?" అని అడిగింది. కాదు, ఈగల వల్ల అన్నాను. అప్పటినుంచి ఇంట్లో ఈగ కనిపిస్తే కంటికి చేతులు అడ్డం పెట్టుకుంటోంది. పోయిన ఆదివారం సండేస్కూల్లో తప్పిపోయిన గొర్రెపిల్ల కథ చెప్తుంటే లేచి నిలబడి, దానికి కండ్లరోగం వచ్చి ఉంటుంది, మా అమ్మ దగ్గరకు పంపండి అందట. టీచర్ నవ్వాపుకోలేకపోయింది.

నాకు ఈ నెలంతా పగలూ సాయంత్రం రెండు డ్యూటీలు. ఇంకో నర్సు మానేసింది. ఇంటికొచ్చి అన్నం వండి, పాపకు హోంవర్క్ చేయించి, బట్టలు ఉతికేసరికి నడుం నాది కాదన్నట్టు ఉంటోంది. ఫిర్యాదు కాదు, నువ్వు అడుగుతావని చెప్తున్నాను.

లిస్టు ఎప్పుడొస్తుందో ఎవరినైనా అడిగావా? ఆగస్టు చివరికల్లా తెలిస్తే బాగుంటుంది. ఎందుకంటే ఏం చెప్పను, ఊరికే అడుగుతున్నాను.

బ్లెస్సీ


చర్ల
ఆగస్టు

చెల్లీ,

వాన, బురద, గొర్రెలు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు, అయినా రాస్తున్నాను.

ఉన్న మందును అందరికీ తలా కాస్త వేస్తే ఎవరికీ పనిచేయదు. అందుకని మందలో నడిచి, చూపు నిలిచే గొర్రెలను ఏరాను. కండ్లు ఎర్రబడినవి, పొర ఇప్పుడిప్పుడే కడుతున్నవి ఒక పక్కకు. గుడ్డు చిట్లిపోయినవి ఇంకో పక్కకు. మొదటివాటికి నిండు మోతాదు వేశాను, కంటికి ఆయింట్‌మెంట్ రాశాను. రెండోవాటికి వేయలేదు. అవి ఎలాగూ చూడవు.

వాటిలో ఒకటి కొమరమ్మ గొర్రె. మంద ముందు నడిచేది అదేనట. వాగు దాటాలన్నా, రోడ్డు దాటాలన్నా అది దిగితేనే మిగతావి దిగుతాయి. కొమరమ్మ దాన్ని మెడ పట్టుకుని నా ముందుకు తెచ్చింది.

"దీనికి ఎయ్యమ్మా. ఇంక దేనికి ఎయ్యకున్నా సరే."

"దానికి వేసినా కండ్లు రావు కొమరమ్మా. ఆ మందుతో ఇంకోదాని చూపు నిలబడుతది."

"చూపు రాకపోతే మాయె. నొప్పన్నా తగ్గదా?"

తగ్గుతుంది, కొంత. కానీ సీసాలో అడుగంటింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె అరవలేదు, తిట్టలేదు. కొంగు తడిపి దాని కండ్లు తుడుచుకుంటూ తీసుకెళ్లింది. మంగీలాల్ ఆ రోజు నుంచి పని మాటలు తప్ప నాతో మాట్లాడడం లేదు.

కల్వర్టు దగ్గర మట్టి పోశారు, మందు వచ్చింది. దాన్ని బండి మీద తెస్తుంటే పోలీసు క్యాంపు దగ్గర ఆపి ఐస్‌పెట్టె మొత్తం విప్పించారు. పాపం వాళ్ల పని వాళ్లది. ఒక కుర్ర కానిస్టేబుల్ సీసా చేతిలో తిప్పి చూసి, మా ఇంట్లో కూడా గొర్లున్నయి మేడం, ఇది మంచిగ పనిచేస్తదా అని అడిగాడు. చేస్తదన్నాను.

ఇప్పుడు కొత్తగా ఎర్రబడినవాటికి వేస్తున్నాం. మొదట వేసినవాటికి రెండో సూది పడాలి. చూపు లేనివాటిని నీడలో కట్టేసి, మేతా నీళ్లూ నోటి దగ్గరకే అందించాలి. చెప్పి వచ్చినా ఒకటి తాడు తెంపుకుని వాగులో పడి కొట్టుకుపోయింది.

ట్రాన్స్‌ఫర్ సంగతి ఇంకోసారి రాస్తాను. షారోన్ ఊడిన పన్ను దాచి ఉంచు.

అక్క


కూసుమంచి
ఆగస్టు

అక్కకు,

దీపిక నిన్న క్లినిక్‌కు వచ్చింది, వాళ్లాయనకు జ్వరమని. నీతో వెటర్నరీ కాలేజీలో చదివిన దీపికే. నేను ఆయనకు రక్తం తీస్తుంటే మామూలుగా అంది: "మీ అక్కకు బోనకల్ ఆర్డరొచ్చి చాన రోజులాయె గదా, ఇంక రిలీవ్ కాలేదేంది?"

అవునండీ, పని ఉండి ఆగింది అన్నాను. సూది కాస్త పక్కకు పోయింది. వాళ్లాయన అబ్బా అన్నాడు.

బోనకల్! ఇక్కడినుంచి బస్సెక్కితే చేరిపోయే ఊరు. రైలుంది, స్కూలుంది. నువ్వు కావాలని కోరుకున్న ఊరు. ఆర్డర్ చేతిలో పెట్టుకుని నాకు ఊడిన పన్ను దాచమని రాశావు.

నేనూ ఒకటి చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. విజయవాడలో పెద్ద ఆస్పత్రిలో పిల్లల వార్డుకు నన్ను తీసుకున్నారు. ఎప్పటినుంచో నేను చేయాలనుకున్న వార్డు. జూన్‌లోనే రమ్మన్నారు. మా అక్క ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా ఆగండి అని బతిమాలుకున్నాను. సెప్టెంబరు మొదటి సోమవారం దాటితే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. నువ్వు అలసిపోయి ఉంటావు, నేనొక భారం వేయడం ఎందుకని చెప్పలేదు. నువ్వు నాలా అనుకోలేదు చూడు.

గొర్రెలకు కండ్లు రావాలని నేనూ ప్రార్థన చేశాను అక్కా. నిజంగానే చేశాను.

బ్లెస్సీ


చర్ల
ఆగస్టు చివర

బ్లెస్సీ,

నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట కూడా కాదనలేను. ఉద్యోగం సంగతి నాకు తెలియదు, తెలిస్తే ఏం చేసేదాన్నో కూడా నిజాయితీగా చెప్పలేను.

నా స్థానంలో రావలసినావిడ కాన్పు సెలవులో ఉంది. నేను రిలీవ్ అయితే ఆమె వచ్చేదాకా ఇక్కడ ఎవరూ ఉండరు. రెండో సూది వేయకుండా వదిలేస్తే రోగం మళ్లీ తిరగబెట్టే గొర్రెలున్నాయి. పోడు ఊళ్లలో మేకలకూ మొదలైంది. పై ఆఫీసరును అడిగి కొంత గడువు తీసుకున్నాను. ఆయన వద్దనలేదు, సంతోషపడ్డాడు కూడా.

ఇదంతా నిజమే. కానీ ఇది మాత్రమే అయితే నీకు మొదటిరోజే రాసేదాన్ని.

ఈస్టర్‌కు నేను వచ్చినప్పుడు గుర్తుందా, షారోన్ నీళ్లు కావాలని వంటింట్లోకి చూసి పిలిచింది. మొదట్లో నిన్ను చిన్నమ్మా అనేది. ఆ రోజు చిన్న పోయి అమ్మ మిగిలింది. నువ్వు గబుక్కున నా ముఖం వైపు చూశావు. నేను విననట్టు టీ తాగాను. అప్పటినుంచి ఆ ఇంటికి రావడం వాయిదా వేస్తూనే ఉన్నాను. వచ్చి ఏం చేయాలి? పాపను నీ దగ్గరనుంచి ఊడదీసి నాకు అతికించుకోవాలా? ఇక్కడ గొర్రె కన్ను తెరిచి చూస్తే నాకు ఏం చేయాలో తెలుస్తుంది. అక్కడ తెలియదు. అలసట అని అందరికీ చెప్తున్నాను గానీ, ఇది భయం.

నిన్ను ఆగమని అడగను. అడిగే ముఖం లేదు.

స్తుతి


కూసుమంచి
సెప్టెంబరు

అక్కా,

శనివారం పొద్దున బస్సుకు షారోన్‌ను తీసుకుని వస్తున్నాను. నువ్వు భద్రాచలం బస్టాండుకు రా. దోమతెర, స్కూలు పుస్తకాలు, ఓడోమాస్, జ్వరం మందులు సర్దాను. స్కూల్లో చెప్పాను, రెండు మూడు వారాలు పోయినా ఫరవాలేదన్నారు. అన్నంలో చారు ముందు, పెరుగు తర్వాత. తిరగేస్తే తినదు.

నేను ఉండను. మధ్యాహ్నం బస్సుకే వెనక్కి, సోమవారం విజయవాడలో చేరాలి. నన్ను ఆపకు, పాప ముందు ఏడవకు. దారిలో తనకు చెప్తాను. ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

నువ్వు భయపడుతున్నావని ముందే రాసి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం.

బ్లెస్సీ


చర్ల
సెప్టెంబరు చివర

చెల్లీ,

నీ హాస్టల్ అడ్రసు మంగీలాల్ ఫోన్లో రాసుకుని తెచ్చాడు. టవర్ లేచింది గానీ మొదలుపెట్టినదాన్ని కాగితం మీదే ముగిద్దామనిపించింది.

నువ్వు ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా షారోన్ చెయ్యి ఊపింది. తర్వాత కింద కూర్చుండిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, స్నానం చేయిస్తే చేసేది, అంతే. మూడోనాడు ఒళ్లు వెచ్చబడింది. దవాఖానాకు ఎత్తుకుపోయి రక్తం చూపించాను. మలేరియా కాదు, వట్టి జలుబే. ఆ సాయంత్రం నా మీదే పడుకుంది. నా చెయ్యి మొద్దుబారినా కదల్చలేదు.

ఇంట్లో ఒక్కదాన్ని వదల్లేక మంద దగ్గరకు తీసుకెళ్తున్నాను. రెండో సూదులు అయిపోయాయి. పొరలు కరుగుతున్నాయి చెల్లీ. ముందు అంచులనుంచి, తర్వాత మధ్యకు. కంటి ముందు చెయ్యి ఆడిస్తే ఇప్పుడు తల వెనక్కి లాగుతున్నాయి. అలా లాగిన ప్రతి గొర్రెనూ చూసి పగిడయ్య "చూసింది, చూసింది" అని కేకేస్తాడు. కొన్నిటికి మచ్చ మిగిలిపోతుంది, అయినా మేస్తాయి, దారి చూసుకుంటాయి.

ఇంకొకటి కూడా జరిగింది. రాయకుండా ఉండలేను.

పోయిన వారం గొర్రెల వ్యాపారి ఆటోట్రాలీతో వచ్చాడు. సూది వేసినవాటిని మందు ఒంట్లోంచి పోయేదాకా కోతకు అమ్మొద్దని నేను ముందే గట్టిగా చెప్పాను. పగిడయ్య మాట తప్పలేదు. నా దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సూది ఎయ్యని గొర్లను ఇయ్యొచ్చా అమ్మా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. నేను వేయలేదు, అతను దారిలో పొడిచింది ఎప్పుడో పోయింది కాబట్టి వాటి మాంసంలో మందు లేదు. కాబట్టి అమ్ముకోవచ్చు. అవ్, ఇయ్యొచ్చు అన్నాను.

"తప్పదమ్మా. గుడ్డిదాన్ని ఎత్తుకోని అంత దూరం ఇంటికి నడవలేం. ఇది నీ మీద పెట్టేది గాదు."

కొమరమ్మ తన గొర్రెను తానే తెచ్చింది. పగిడయ్య పట్టుకోబోతే ఇవ్వలేదు. ట్రాలీ ఎక్కించేముందు దాని కండ్ల పుసి ఒకసారి కొంగుతో తుడిచింది. వ్యాపారి, "ఇప్పుడెందుకవ్వా తుడుసుడు?" అన్నాడు. "నీకెందుకు, నువ్వు బండి తియ్యి" అంది.

షారోన్ నా చెయ్యి పట్టుకుని అంతా చూసింది. అవి ఎక్కడికి పోతున్నాయని అడిగింది. అబద్ధం చెప్పబోయి, చెప్పలేదు. "వాటికి మందు లేకపోయిందమ్మా. అమ్ముతున్నారు" అన్నాను. "నీ దగ్గర లేదా?" "చాలినంత లేదు." కొమరమ్మ దగ్గరకు వెళ్లి నిలబడింది. ఆమె పాప తల మీద చెయ్యి వేసి నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత పాపకు జొన్నరొట్టె విరిచి పెట్టింది. నాకు కూడా.

మందు అందరికీ సరిపోయేంత ముందే ఉంటే ఆ గొర్రెకు నొప్పికైనా వేసేదాన్ని. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అలాగే ఏరతాను. రెండూ నిజమే. ఇది ఎవరికీ చెప్పుకోవడానికి లేక నీకు రాస్తున్నాను.

వచ్చే వారం రిలీవ్ అవుతున్నాను. కొత్త డాక్టరు వచ్చేదాకా చూసుకోవలసినవన్నీ మంగీలాల్‌కు చెప్పాను. అతను నాతో మళ్లీ మాట్లాడుతున్నాడు, షారోన్ పుణ్యమా అని. బోనకల్లో స్టేషన్ దగ్గర కిరాయికి ఇల్లు దీపిక చూసిపెట్టింది.

నీ డ్యూటీలు ఎలా ఉన్నాయి?

అక్క


విజయవాడ
నవంబరు

అక్కా,

బోనకల్ ఇల్లు ఫొటోల్లో బాగుంది. వెనక ఖాళీ స్థలం ఉంది కదా, పాపను ఒంటరిగా ఆడనివ్వకు. ఫోన్లోనే చెప్పవచ్చు ఇదంతా. కానీ నీ గొంతు వింటే నేను అన్నిటికీ సరే సరే అంటాను. కాగితం మీద అనను.

క్షమించమని ఇక అడగకు. నీ గడువు వల్ల నా ఉద్యోగం పోలేదు, పోయేదే గానీ పోలేదు. కోపం ఉంది. అదేమీ పెద్దది కాదు, కానీ ఇంకొంతకాలం ఉంటుంది. దాన్ని తగ్గించాలని తొందరపెట్టకు.

వార్డులో ముప్పొద్దులా పిల్లల ఏడుపే. కాళ్లు వాస్తున్నాయి. మొదటి వారంలోనే హెడ్ నర్సుతో తిట్లు తిన్నాను, డ్రిప్ మార్చడం ఆలస్యమైందని. అయినా ఈ అలుపు వేరుగా ఉంది. కూసుమంచిలో అలసిపోతే ఇంకా ఎంతకాలం అని లెక్క ఉండేది. ఇక్కడ లెక్క లేదు. ఇది నేను కోరుకున్నది.

పోయిన గురువారం నాకు మొదటి వీక్లీ ఆఫ్. పడుకున్నదాన్ని పడుకున్నట్టే ఎండ గదిలోకి వచ్చేదాకా పడుకున్నాను. లేచి కంగారుగా పక్కన తడిమాను. ఎవరూ లేరు. టిఫిన్ బాక్స్ కట్టేది లేదు, జడ వేసేది లేదు. మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఆకలేసింది. కిందికి వెళ్లి రెండు దోసెలు తిని, మళ్లీ వచ్చి పడుకున్నాను.

క్రిస్మస్‌కు రెండు రోజులు సెలవిచ్చారు. నేరుగా బోనకల్ వస్తాను. అప్పటిదాకా షారోన్‌ను నాతో మాట్లాడమని బలవంతం చేయకు. తనంతట తాను అడిగితే ఫోన్ ఇవ్వు. అడగకపోతే నాకు చెప్పొద్దు.

బ్లెస్సీ